క్రైస్తవారాధనలో గానమునకు దగిన స్థానము

పాట స్త్రీధనమని మన పెద్దలు ఏ స్మృతియందును వ్రాసి యుండలేదు గాని, తెలుగునాట వాడుక మాత్రము అట్లే నడచినది. ఉయ్యాలకడ జోలపాట, రోటికడ దంపుళ్ళపాట, పెండ్లిపందిట అప్పగింతల పాట, పీటలకడ మంగళహారతి, ఇవి యన్నియు ఆడువారి నోటనే పుట్టి ఆడువారి నోటనే నిలిచినవి. వీనిలో పెక్కుపాటలు ఒకరు పాడగా పదుగురు ఊరక కూర్చుండి వినుటకై ఏర్పడినవి కావు. దంచువారే పాడిరి, పాడువారే దంచిరి. పాట పనికి అలంకారము గాక, పనిలో భాగమై యుండెను.

ఈ మాట ముందుగా చెప్పుటకు కారణము కలదు. క్రైస్తవ దేవాలయములలో గానమునకు ఎట్టి స్థానమీయవలెనను ప్రశ్న దాదాపు రెండువేల యేండ్లుగా నలుగుచున్నది. గానము లేనిదే ఆరాధన లేదని కొందరనిరి. గానము వాక్యమునకు అడ్డు వచ్చునని కొందరనిరి. వాదమంతయు రాగమును గూర్చియు, వాద్యములను గూర్చియు జరిగినట్లు పైకి కన్పట్టును. లోతునకు దిగి చూచినచో ప్రశ్న వేరు. పాడవలసినవారెవరు? సంఘమంతయునా, సంఘము పేర కొందరా? ఈ ప్రశ్నకు వచ్చిన జవాబును బట్టియే స్త్రీకి దేవాలయమున నోరున్నదో లేదో తేలుచు వచ్చినది. కావున ఇది పాదిరులకును, గాయకులకును మాత్రమే విడిచిపెట్టదగిన విషయము కాదు.

మొదట వేదగ్రంథమును చూతము. యెరూషలేము దేవాలయమున గానము లేవీయుల వృత్తిగా నుండెను. దినవృత్తాంతముల మొదటి గ్రంథము 25వ అధ్యాయమున గానప్రవీణుల సంఖ్య 288 అని చెప్పబడినది. వారు వంతులు వేసికొని పాడుచుండిరి. కాని ఆ దేవాలయము కట్టబడుటకు ఎంతయో పూర్వము, ఎఱ్ఱసముద్రము దాటిన దినమున, మిర్యాము తంబుర చేతబట్టగా స్త్రీలందరు ఆమె వెంట బయలుదేరి నాట్యమాడిరి. ఆమె పల్లవి యెత్తెను. దెబోరా యుద్ధానంతరమున పాడెను. హన్నా బిడ్డను దేవుని కప్పగించి స్తుతించెను. లూకా సువార్త మొదటి అధ్యాయమున మరియమ్మ స్తుతిగీతము కలదు. ఆ గీతము నేటికిని అనేక సంఘముల సాయంకాల ప్రార్థనలో నిత్యము వినబడుచున్నది. పురుషులు మాత్రమే నివసించు మఠములలో సైతము ప్రతిసంధ్యయందును ఒక పల్లెపడుచు మాటలే గొంతెత్తి పాడబడుచున్నవి. ఇది చిన్న సంగతి కాదు.

క్రొత్త నిబంధనలో ఏసుప్రభువు కడపటి భోజనము ముగిసిన పిదప శిష్యులతో కూడ కీర్తన పాడి ఒలీవలకొండకు వెళ్ళెనని మత్తయి వ్రాసెను. ఫిలిప్పీ చెరసాలలో అర్ధరాత్రమున పౌలు సీలలు పాడుచుండగా ఖైదీలు వినుచుండిరి. ఆ పౌలే కొరింథీయులకు వ్రాయుచు, ఆత్మతో పాడుట ఎంత అవసరమో మనస్సుతో, అనగా అర్థము తెలిసి, పాడుటయు అంతే అవసరమని బోధించెను. కొలొస్సయులకు వ్రాసిన లేఖలో పాటలను ఒకరికొకరు బోధించుకొను సాధనములుగా చెప్పెను. ఈ రెండు మాటలును కలిపి చూచినచో గానమునకు తగిన స్థానము చాలవరకు నిర్ణయమగును. పాటయందు అర్థముండవలెను, ఆ యర్థము ఒకరినుండి యొకరికి అందవలెను. వేదికనుండి క్రిందికి మాత్రమే పారు పాట ఈ లక్షణమును సగమే తీర్చును.

క్రీస్తుశకము 112 ప్రాంతమున బితూనియ రాష్ట్రమును పాలించుచుండిన ప్లినీ యను రోమను అధికారి ట్రాజను చక్రవర్తికి ఒక లేఖ వ్రాసెను. క్రైస్తవులు నియమితదినమున తెల్లవారకమునుపే కూడుకొని, క్రీస్తును దేవునిగా నెంచి ఒకరి తరువాత నొకరు అందుకొనుచు గీతము పాడుదురని విచారణలో తెలిసినదట. నిజము రాబట్టుటకై పరిచారికలనబడు ఇద్దరు దాసీలను హింసించితినని కూడ ఆయన వ్రాసెను. సంఘము వెలుపలివారు క్రైస్తవారాధనను గూర్చి వ్రాసిన తొలి వర్ణనలలో ఇది యొకటి. దానియందే పాటయు ఉన్నది, పాడువారి పక్షమున దెబ్బలు తినిన స్త్రీలును ఉన్నారు.

నాలుగవ శతాబ్దమున సంఘము పెద్దదాయెను. భిన్నాభిప్రాయములును అప్పుడే తలయెత్తినవి. సిరియా దేశపు భక్తకవి ఎఫ్రేము (మరణము 373) స్వయముగా పాటలు రచించి, కన్యల బృందములచే వానిని సంఘములో పాడించెను. తరువాతి తరముల కవియగు సరూగు యాకోబు ఆయనను కొనియాడుచు, స్త్రీల మూగనోళ్ళు తెరపించిన పుణ్యము ఎఫ్రేముదని చాటెను. అదే శతాబ్దమున యెరూషలేము అధ్యక్షుడగు సిరిలు బాప్తిస్మమునకు సిద్ధపడుచున్నవారికి బోధించుచు, స్త్రీలు పెదవులు కదల్చవలెనే గాని వారి గొంతు ప్రక్కవారి చెవిని పడరాదని శాసించెను. స్త్రీలు సంఘములో మౌనముగా నుండవలెనని కొరింథీయుల లేఖలో గల మాటను బట్టి ఇట్టి నియమములు బయలుదేరినవి. మిలాను అధ్యక్షుడగు అంబ్రోజు మాత్రము, అపొస్తలుడు స్త్రీలను మౌనముగా నుండుమన్నను, కీర్తన పాడుట వారికిని చక్కగా తగునని స్పష్టముగా వ్రాసెను. ఒకే లేఖ, ఒకే శతాబ్దము. తీర్పులు మాత్రము రెండు.

అంబ్రోజు మాట వట్టి మాట కాదు. 386వ సంవత్సరమున చక్రవర్తి తల్లియగు జస్టీనా తన మతపక్షమువారికై మిలానులోని దేవాలయమును ఇమ్మని పట్టుపట్టెను. అధ్యక్షుడు ఇయ్యనన్నాడు. ప్రజలు ఆయనతో కూడ చచ్చుటకు సిద్ధపడి రాత్రింబవళ్ళు గుడిలో కాచుకొనిరి. వారు భయముతోను, విసుగుతోను నీరసింపకుండునట్లు తూర్పుదేశపు రీతిని కీర్తనలు పాడు వాడుక అప్పుడు ప్రారంభమాయెనని అగస్టీను వ్రాసెను. ఆ కావలియందు ముందునిలిచిన వారిలో ఆయన తల్లి మోనికా యొకతె. సంఘగానము విశ్రాంతిదినపు వినోదముగా గాక, ఆపదలో ఒకరినొకరు పట్టుకొని నిలుచుటకై మిలానులో వేరూనినదన్నమాట.

అగస్టీనే తన జీవితచరిత్రలో మరియొక కష్టమును దాచక చెప్పెను. పాడబడు మాటకంటె పాడుట తన్ను ఎక్కువగా కరగించినప్పుడు తాను తప్పు చేసినట్లే యెంచుకొనెదననియు, అట్టివేళ గాయకుని వినకుండుటయే మేలని తోచుననియు వ్రాసెను. కాని తాను విశ్వాసమునకు వచ్చిన తొలిదినములలో సంఘగానము విని కార్చిన కన్నీటిని తలచుకొని, కడకు ఆ యాచారమును ఉంచుటయే మంచిదని ఒప్పుకొనెను. గానము నిప్పువంటిది. పొయ్యిలో నున్నంతవరకు అన్నము వండును. పొయ్యి దాటిన పిమ్మట ఇల్లు కాల్చును. నిప్పు ప్రమాదమని పొయ్యి యార్పివేసిన ఇల్లాలు లేదు.

సంఘములు మాత్రము పొయ్యి యార్పకపోయినను, దానిని కొందరి చేతికే ఒప్పగించినవి. నాలుగవ శతాబ్దమున లవొదికయలో కూడిన సభ, పీఠమెక్కి గ్రంథము చూచి పాడు నియమిత గాయకులు తప్ప ఇతరులు గుడిలో పాడరాదని కట్టడ చేసెను. అల్లరిపాటలును, తప్పుపాటలును రాకుండుటకై చేసిన పని కావచ్చును. ఫలితము మాత్రము జనుల నోరు మూతపడుట. మధ్యయుగమున పశ్చిమ ఐరోపాలో గానము మఠవాసులదియు, శిక్షితబృందములదియు ఆయెను. భాష లాటిను, సామాన్యజనులు విని నిలుచువారైరి.

అయినను ఆ కాలమున స్త్రీమఠములలో సన్యాసినులు తమ నిత్యప్రార్థనను తామే పాడుకొనుచుండిరి. జర్మనీ దేశమున రైను నదీతీరపు మఠమునకు అధిపురాలగు హిల్డెగార్డు (1098–1179) స్వయముగా గీతములు రచించి స్వరపరచిన విదుషి. ఆమె వృద్ధాప్యమున 1178లో ఒక చిక్కు సంభవించెను. సంఘబహిష్కృతుడై తరువాత సమాధానపడిన యొక గృహస్థుని ఆమె తన మఠపు శ్మశానమున పాతిపెట్టనిచ్చెను. మెయిన్స్ నగరపు మతాధికారులు ఆ శవమును త్రవ్వి పారవేయుమనిరి. ఆమె ఒప్పుకొనలేదు. అంతట వారు ఆ మఠమున గానమును నిషేధించిరి. సన్యాసినులు తలుపులు మూసికొని, ప్రార్థనలను మెల్లగా చదువుకొనవలసినవారైరి. దాదాపు ఎనుబదియేండ్ల ఆ వృద్ధురాలు అధికారులకు దీర్ఘలేఖ వ్రాసెను. ఆదాము పాపము చేయకమునుపు దేవదూతలతో కూడ పాడిన స్వరము మానవునికి పోయినదనియు, సంఘగానము ఆ పోయిన స్వరమును తిరిగి నేర్చుకొనుటయే యనియు, తగిన విచారణ లేక దేవుని స్తుతిని మాన్పించువారు పరలోకమున దేవదూతల గానములో పాలుపొందజాలరనియు ఆమె హెచ్చరించెను. 1179లో నిషేధము తొలగెను. కొన్ని మాసములకే ఆమె కన్నుమూసెను. పాట యలంకారమాత్రమే యైనచో దానిని తీసివేయుట శిక్షగా నెంచబడి యుండదు. ఒక వృద్ధురాలు దానికొరకు అంత పోరాడియు ఉండదు.

పదునారవ శతాబ్దపు మతసంస్కరణకాలమున ఈ ప్రశ్న మరల పైకి వచ్చెను. సంస్కర్తలందరు వాక్యమే ప్రధానమనిరి. పాట విషయమున మాత్రము మూడు దారులు తొక్కిరి. జూరిచ్ నగరమున జ్వింగ్లీ, తాను పెక్కు వాద్యములు వాయింపనేర్చిన వాడయ్యును, ఆరాధనయందు గానమునే మాన్పించెను. అచ్చటి పెద్ద దేవాలయపు ఆర్గను 1527లో పగులగొట్టబడెను. 1598 వరకు ఆ నగరమున సంఘగానము తిరిగి రాలేదు. జెనీవాలో కాల్విను దావీదు కీర్తనలను ప్రజల భాషలో ఛందోబద్ధముగా చేయించి, వాద్యములు లేక అందరును ఒకే స్వరమున పాడు ఏర్పాటు చేసెను. 1562 నాటికి 150 కీర్తనలును ముగిసినవి. వాని బహుస్వర రచనలను 1565లో ప్రకటించిన గూడిమెల్ అను సంగీతజ్ఞుడు, అవి గుడికొరకు గాక ఇండ్లయందు దేవునిలో ఆనందించుటకని పీఠికలో వ్రాసెను. లూథరు మూడవదారి తొక్కెను. వాక్యము పాటయై జనుల నోట నాడవలెనని 1524లో తన యనుచరులతో కలిసి పాటల పుస్తకములు వెలువరించెను. ఆ సంవత్సరమే అచ్చుపడిన యొక సంపుటములో పూర్వము సన్యాసినియై, తరువాత గృహిణియైన ఎలిజబెత్ క్రూసిగరు రచించిన గీతము చేరినది. ఆ గీతమును జర్మను సంఘములు నేటికిని పాడుచున్నవి. సంఘమంతయు పాడవలెనని తలుపు తీసినంతనే స్త్రీ పాడునదిగా మాత్రమే గాక వ్రాయునదిగా కూడ లోపలికి వచ్చెను. తరువాత పందొమ్మిదవ శతాబ్దమున రోగపీడితయైన షార్లెట్ ఎలియట్టును, పసితనముననే చూపు కోల్పోయిన ఫానీ క్రాస్బీయు ఆంగ్లభాషలో రచించిన గీతములు ప్రపంచమంతట వ్యాపించినవి.

కథోలిక సంఘమున ఈ తలుపు ఆలస్యముగా తెరువబడెను. 1903లో పోపు పదియవ భక్తినాథుడు సంగీతమును గూర్చి ఆజ్ఞాపత్రము వెలువరించి, నాటకశాల బాణీలను గుడినుండి వెడలగొట్టి, ప్రాచీనగానమున ప్రజలు మరల పాలుగొనవలెనని కోరెను. ఉద్దేశము ఉత్తమమైనది. కాని గాయకబృందము చేయునది యాజకసంబంధమైన పని గనుక స్త్రీలు అందు చేరరాదనియు, హెచ్చుస్వరము కావలసినచో బాలురను ఉపయోగించుకొనుడనియు ఆ పత్రమే చెప్పెను. 1955లో పన్నెండవ భక్తినాథుడు ఈ కట్టును సడలించి, పీఠస్థలమునకు వెలుపల నిలుచు నియమముతో స్త్రీలను బృందములలో అనుమతించెను. 1963లో రెండవ వాటికను మహాసభ, గానము ఆరాధనకు వెలినుండి తగిలించిన సొమ్ము కాదనియు, దానిలో విడదీయరాని భాగమనియు, విశ్వాసులందరు నోరార పాలుగొనవలెననియు, ఆయా దేశముల సంగీతసంప్రదాయములకు తగిన గౌరవమీయవలెననియు ప్రకటించెను.

మన తెలుగుదేశమున ఆ గౌరవము అంతకు శతాబ్దమునకు పూర్వమే ఆచరణలోనికి వచ్చినది. బ్రాహ్మణకుటుంబమున జన్మించి 1833లో బాప్తిస్మము పొందిన పురుషోత్తమ చౌదరిగారు (1803–1890) పల్లవి, అనుపల్లవి, చరణములతో మన రాగతాళములందు క్రైస్తవ కీర్తనలు రచించిరి. ‘ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు’ అను గ్రంథమున నేటికిని పాట తలకట్టున రాగము, తాళము ముద్రింపబడి యుండుట పాఠకురాండ్రు ఎరిగినదే. పల్లవి మరల మరల వచ్చుటచేత అక్షరము రానివారు సైతము రెండవ యావృత్తికే అందుకొనగలరు. భజనకూటమున ఒకరు చెప్పగా పదుగురందుకొను మన వాడుకకు ఇది సరిగా నతికినది.

దీనితో పోల్చినచో, పరదేశపు బాణీలలో తెలుగు మాటలను ఇరికించిన పాటలందు ఒక చిక్కు కలదు. తెలుగున హ్రస్వదీర్ఘములే అర్థమునకు ఆధారము. ‘వరము’ను సాగదీసినచో ‘వారము’ అగును. ‘కలము’ ‘కాలము’ అగును. ‘పలు’ అనునది ‘పాలు’ అగును. బాణీ దీర్ఘమడిగినచోట హ్రస్వము పడినచో, పాడువారు దేవుని వరమడుగుచున్నారో వారమడుగుచున్నారో వినువారికి తెలియదు. తెలుగు గురులఘువులెరిగి చేసిన అనువాదములకు ఈ దోషముండదు. కావున బాణీ ఏ దేశముదని అడుగుటకంటె, మాట బ్రదికి బయటపడినదా యని అడుగుట మేలు. మన రాగములకును ఈ పరీక్ష తప్పదు. సంగతులపై సంగతులు వేసి చరణమును మరుగుపరచు విద్వాంసుడును ఈ పరీక్షలో తప్పిపోవును.

నేడు స్త్రీల నోరు మూయు శాసనము మన సంఘములలో పెక్కింట లేదు. శాసనము చేయలేని పనిని మాత్రము మరియొకటి చేయుచున్నది. వేదికమీద నలుగురైదుగురు మైకులు పట్టి పాడుదురు. కీబోర్డును, డ్రమ్ములును, గోడలదిరించు లౌడుస్పీకర్లును కూడుకొనును. వారమువారము క్రొత్తపాట వచ్చును. సినిమా బాణీని పోలిన బాణీ వచ్చును. క్రింద కూర్చున్న ముసలమ్మ నోరు తెరచినదో లేదో ఆమె ప్రక్కనున్న మనుమరాలికే వినబడదు. ఆమె నలుబదియేండ్లు కంఠస్థము చేసిన కీర్తనలు ఇంటనే మిగిలిపోవును. ఆమెను పాడవద్దని ఎవరును అనలేదు. పాడనక్కరలేకుండ చేసిరి, అంతే. పూర్వము కట్టడతో పోయిన హక్కు ఇప్పుడు హోరుతో పోవుచున్నది.

దీనికి ప్రతివాదము లేకపోలేదు. చక్కగా పాడువారిని విని మనస్సు కరగుటయు ఆరాధనయే గదా యని అడుగవచ్చును. నిజమే. వినుటయు భక్తియే. క్వేకరుల కూటములలో పెక్కింట పాటయే లేదు. వారి మౌనమును భక్తిహీనమని ఎవరనగలరు? యువజనులకు క్రొత్తపాటలును, వాద్యములును ప్రియమగుటయు తప్పు కాదు. దావీదు కీర్తనలలోనే తంతివాద్యములును, తాళములును ఉన్నవి. సుశిక్షితబృందము సంఘమునకు మేలు చేయును. అది ముందు నడచి దారి చూపినప్పుడు. సంఘమునకు మారుగా నడచినప్పుడు మాత్రము కీడు చేయును. చేయిపట్టి నడిపించుట వేరు, ఎత్తుకొని పోవుట వేరు. ఎప్పుడును ఎత్తుకొనబడు బిడ్డకు కాళ్ళు రావు.

మరియొక సంగతి. ఆరాధనకు వచ్చువారందరు పాడు మనస్సుతోనే రారు. భర్తను పాతిపెట్టి వచ్చిన మొదటి ఆదివారమున ఒక స్త్రీ తన స్థలమున కూర్చుండును. ఆమెకు గొంతు పెగలదు. ఆ దినమున ఆమె ముందరను, వెనుకను, ప్రక్కలను ఉన్న స్త్రీలు పాడుచుండగా, ఆమె పాడవలసిన పాటను వారు ఆమె పక్షమున మోయుదురు. కొన్ని వారములకు ఆమె పెదవి కదలును. లౌడుస్పీకరునుండి వచ్చు పాట ఈ పని చేయజాలదు. తెలిసినవారి గొంతు, తప్పుశ్రుతిలోనైనను, చేయగలదు. కీర్తనల గ్రంథమున మూడవవంతు వరకు మొరలును, విలాపములునే కలవు. ఆనందపు పాటలనే ఏరి పాడు సంఘమున దుఃఖితురాలికి మాట లేదు.

కావున గానము ఆరాధనకు యజమానురాలు కాదు; దాసి యంతకంటెను కాదు. వాక్యమునకు తోడుబుట్టినది. వాక్యము దేవుడు మనతో పలుకుట. పాట మనమందరము కలిసి దేవునికి జవాబు చెప్పుట. జవాబు చెప్పుటకు వకీలును పెట్టుకొనుట ఒకప్పుడు చెల్లునేమో గాని, ఎల్లప్పుడును చెల్లదు.

ఈ స్థానమును నిలుపుటకు స్త్రీలు చేయదగినవి కొన్ని కలవు. ఆలస్యముగా వచ్చువారికై కాలము గడుపుటకు పాటను వాడు అలవాటును పెద్దలతో చెప్పి మాన్పింపవలెను. పాట ప్రార్థనయైనచో దానికిని ప్రార్థనకున్న మర్యాదయే కావలెను. శ్రుతిని గూర్చి అడుగుటకు జంకరాదు. మగవారికి ఒకటి రెండు శ్రుతులును, ఆడువారికి నాలుగున్నర మొదలు ఆరు వరకును అనుకూలమని సంగీతజ్ఞులెరుగుదురు. నాయకుడు తన గొంతుకే శ్రుతి పెట్టినచో స్త్రీలు కీచుగా నైనను గొణుగుచు నైనను పాడవలసివచ్చును. ఇరువురికిని అందు నడిమిశ్రుతి యొకటి వెదకుట కష్టము కాదు. ఒక దినమున పాడు పాటలలో క్రొత్తది ఒకటి యున్న చాలును. తక్కినవి అందరికిని వచ్చినవి కావలెను. ఆ క్రొత్తదానిని పాడుటకు మునుపు చరణములను ఒకసారి చదివి అర్థము చెప్పించుట మంచిది. వాద్యమెంత హెచ్చుగా మ్రోగవచ్చునో తెలిసికొనుటకు యంత్రమక్కరలేదు. ప్రక్కనున్న సోదరి గొంతు మీ చెవికి వినబడుచున్నంతవరకు అది హద్దులో నున్నది.

అన్నిటికంటె ముఖ్యమైనది ఇంటిలో నున్నది. సాయంకాలమున వంటపని ముగిసిన పిదప, దీపము వెలిగించి పిల్లలను దగ్గర కూర్చుండబెట్టుకొని, నెలకొక కీర్తన చొప్పున నేర్పుడు. అత్తగారికి వచ్చిన పాత కీర్తనలను అడిగి వ్రాసికొనుడు. రాగము పుస్తకమున దొరకును గాని, ఆమె పాడు బాణీ ఆమెతోనే పోవును. కఠినపదమునకు అర్థము చెప్పి పాడించుడు. సంవత్సరమునకు పండ్రెండు కీర్తనలు వచ్చిన బాలిక, పెద్దదై ఏ సంఘమున కాలుమోపినను, వేదికవైపు చూచుచు ఊరక కూర్చుండదు. ఆమె నోటిలో మాట యుండును. ఆ మాటను ఏ సభ కట్టడయు, ఏ యంత్రపు హోరును ఆమెనుండి తీసికొనజాలదు.